ముందు చక్రాలా, వెనక చక్రాలా? కారు కొనేముందు నెల్లూరు రోడ్ల మీద నేను తేల్చుకున్నది

మూడు నెలలు తిరిగి తిరిగి చివరికి కారు కొన్నాను. బీఎండబ్ల్యూ 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్, 320ఎల్డీ, డీజిల్, సెకండ్ హ్యాండ్. దానికి ముందు బెంజ్ సీ క్లాస్, ఆడి ఏ4, లెక్సస్ ఈఎస్ 300హెచ్ మూడూ నడిపి చూశాను. మా బావది ఒంగోలు, గ్రానైట్ వ్యాపారం, ఆయన దగ్గర సీ 220డీ ఉంది కాబట్టి దాన్ని రెండు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. ఏ4 మా స్నేహితుడిది. లెక్సస్ ఒక్కటే చెన్నైలో టెస్ట్ డ్రైవ్ తీసుకున్నాను, నాయనను కూడా వెంట తీసుకెళ్ళి మరీ.

ఈ నాలుగింట్లో సన్‌రూఫ్ ఎంత, స్క్రీన్ ఎంత అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంజన్ బలం ఏ చక్రాలకు పోతోంది అన్నది మాత్రం మన వైపు ఎవరూ అడగరు, అడిగినా చెప్పేవాళ్ళు తక్కువ. ఒక షోరూమ్‌లో అడిగితే "అన్నీ ఒకటే సార్, మీకేం తెలీదు లోపల కూర్చుంటే" అన్నాడు అక్కడి అబ్బాయి. ఇంకోచోట ముందు చక్రాల కారును చూపించి నాలుగు చక్రాలూ లాగుతాయని ధైర్యంగా చెప్పేశాడు, స్పెసిఫికేషన్ కాగితం తెప్పించి వేలు పెట్టి చూపిస్తే అప్పుడు లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చాడు. యాభై అరవై లక్షలు పెట్టే మనిషికి అంతమాత్రం సరిగ్గా చెప్పకపోతే ఎట్లా? నాకు నిజంగా కోపం వచ్చింది.

సరే, ఏది ఏమిటో ముందు చెప్తాను. సీ క్లాస్, 3 సిరీస్ రెండూ వెనక చక్రాల బళ్ళు. లెక్సస్ ఈఎస్ ముందు చక్రాలది. ఆడి అనగానే అందరూ క్వాట్రో, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, అంటారు గానీ మన దేశంలో ఈమధ్య అమ్మిన ఏ4 40 టీఎఫ్ఎస్ఐ ముందు చక్రాల బండే, దానికంటే పెద్దదైన ఏ6 45 టీఎఫ్ఎస్ఐ కూడా అంతే. బ్యాడ్జి చూసి మోసపోవద్దు, బెంజ్ ఏ క్లాస్ లిమోసిన్, బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే రెండూ ముందు చక్రాలవే. పక్క నుంచి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ముందు తలుపుకీ ముందు చక్రానికీ మధ్య జాగా బాగా ఎక్కువుండి బానెట్ పొడుగ్గా కనపడితే వెనక చక్రాల బండి అయ్యే అవకాశం ఎక్కువ, ఆ జాగా తక్కువుండి చక్రం తలుపు దగ్గరికి జరిగినట్టుంటే ముందు చక్రాలది. మన నాయనల కాలంలో అంబాసిడర్, పద్మిని అన్నీ వెనక చక్రాలవే కదా. 1983లో మారుతి 800 వచ్చాకే ముందు చక్రాల బండి ఇంటింటికీ చేరింది.

తేడా ఎక్కడొస్తుందంటే, ముందు చక్రాల బండిలో ఆ రెండు టైర్లే బండిని లాగాలి, తిప్పాలి, బ్రేకు బరువు కూడా ఎక్కువగా అవే మోయాలి. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ వాటి మీదే కూర్చుంటాయి. అందుకే ముందు టైర్లు తొందరగా అరుగుతాయి. వెనక చక్రాల బండిలో పని పంచుకుంటాయి, ముందువి తిప్పుతాయి, వెనకవి నెడతాయి. యాక్సిలేటర్ తొక్కినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, అంటే సరిగ్గా నెట్టే చక్రాల మీదే పడుతుంది. వినడానికి పుస్తకంలో మాట లాగా ఉంటుంది గానీ దీన్ని నేను మా బావ ఇంటి ముందే కళ్ళారా చూశాను.

ఆయన ఇల్లు రోడ్డుకు బాగా ఎత్తులో ఉంటుంది, గేటు దగ్గర నుంచి పోర్టికోలోకి నిటారుగా ర్యాంపు. సొంత వ్యాపారం కాబట్టి ర్యాంపుకు కూడా చీమకుర్తి నల్ల గ్రానైటే వేయించాడు, అదీ పాలిష్ చేసిన పలక. కార్తీక మాసంలో వాన పడుతున్నప్పుడు నా పాత సెడాన్‌తో, అది ముందు చక్రాలది, పైకి ఎక్కబోతే సగంలో ముందు టైర్లు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి, బండి అక్కడే నిలబడి మెల్లగా వెనక్కి జారుతోంది. లోపల అక్క, పిల్లలు. నాకు గుండెల్లో రాయి పడింది. బావ గొడుగు పట్టుకొచ్చి "కిందికి దించి రివర్సులో ఎక్కించు బావా" అన్నాడు. వెనక్కి తిప్పి రివర్స్‌లో తొక్కితే సుబ్బరంగా ఎక్కేసింది. ఏమీ మాయ లేదు, రివర్స్‌లో ఎక్కేటప్పుడు లాగే చక్రాలు పల్లం వైపు ఉంటాయి, బండి బరువు వాటి మీద పడుతుంది. ఆయన సీ క్లాస్ అదే వానలో అదే ర్యాంపు మీద నేరుగా ఎక్కింది, డ్యాష్‌బోర్డులో చక్రం జారుతోందని చెప్పే పసుపు లైటు రెండుసార్లు మిణుకుమంది, అంతే. ఆ తర్వాత ఆయన ఆ పలకలను మంటతో కాల్పించి (ఫ్లేమింగ్ అంటారు) గరుకు చేయించాడనుకోండి, ఇప్పుడు ఏ బండైనా ఎక్కుతుంది.

రెండోచోట తేడా తెలిసింది రాపూరు దాటాక చిట్వేలు వైపు పోయే వెలికొండల ఘాట్‌లో. పెంచలకోన పోయినప్పుడల్లా అటు కాస్త ముందుకు పోవడం నాకు అలవాటు. ఏ4ను, సీ క్లాస్‌ను రెండింటినీ ఆ మలుపుల్లో నడిపాను. ఏ4 చాలా మంచి బండి, నేను తక్కువ చేసి చెప్పడం లేదు, 7 గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వెన్నలాగా మారుతుంది, గట్టిగా తొక్కినా స్టీరింగ్ చేతిలో పెద్దగా గుంజదు. కానీ మలుపులో కొంచెం వేగం ఎక్కువైతే ముక్కు బయటి వైపుకు పోవాలని చూస్తుంది, యాక్సిలేటర్ వదిలితే మళ్ళీ దారికొస్తుంది. సీ క్లాస్‌లో, తర్వాత నేను కొన్న 3 సిరీస్‌లో, మలుపు మధ్యలో మెల్లగా తొక్కితే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యేసి నెట్టినట్టు బండి మలుపులోకి తిరుగుతుంది. స్టీరింగ్ చేతిలో తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది, ఇంజన్ లాగుడు దాంట్లోకి రాదు. నాకు మాటల్లో ఇంతకంటే చెప్పడం రాదు గానీ ఒకసారి రుచి తెలిశాక మళ్ళీ వదలబుద్ధి కాదు. ఇంకో చిన్న లాభం, వెనక చక్రాల బళ్ళలో ముందు చక్రాలకు ఇంజన్ బలం అందించే డ్రైవ్ షాఫ్టులు ఉండవు కాబట్టి అవి ఎక్కువ కోణంలో తిరగ్గలవు. మాగుంట లేఅవుట్‌లో సీ క్లాస్‌తో యూటర్న్ కొడితే ఒక్క దెబ్బకు తిరిగిపోయింది, అంత పెద్ద బండి.

హైవే మీద మాత్రం, నిజం చెప్పాలంటే, తేడా లేదు. వెంకటాచలం టోలు, బూదనం టోలు, సూళ్ళూరుపేట టోలు దాటుకుంటూ చెన్నై దాకా 100లో పోతుంటే ఏ చక్రం లాగుతోందో దేవుడికే తెలియాలి. అక్కడ చూడాల్సింది వేరే, లోపల శబ్దం, సీటు, మైలేజీ. శబ్దం సంగతికొస్తే లెక్సస్‌కు సాటి ఏదీ లేదు. 2.5 లీటర్ల పెట్రోలు ఇంజన్, దానికి తోడు మోటారు, ఛార్జింగ్ పెట్టే పనే లేదు. ట్రాఫిక్‌లో మోటారు మీదే కదులుతుంటే ఇంజన్ ఆన్‌లో ఉందా లేదా అని నాయన రెండుసార్లు అడిగాడు. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ ఒకే రాగం పట్టుకుని అరుస్తుంది, విడివిడి గేర్లు లేని దాని గేర్‌బాక్స్ తీరే అంత. నెమ్మదిగా నడిపేవాళ్ళకు ఆ సమస్య ఎదురే కాదు.

వెనక చక్రాలకు ఉన్న లోటు కూడా దాచకుండా చెప్పాలి. ఇసుక. మైపాడు బీచ్‌కు ఒక స్నేహితుడి బండిలో పోయాం, వెనక చక్రాల సెడాన్, పేరెందుకులే. రోడ్డు పక్కన జాగా లేదని కాస్త కిందికి దించాడు, తిరిగి తీయబోతే వెనక టైరు సగం దాకా దిగిపోయింది. ఎంత తొక్కితే అంత లోతుకు పోతోంది, ఇసుక వెనక్కి చిమ్ముతోంది. ముందు చక్రాల బండైతే ఇంజన్ బరువు లాగే చక్రాల మీద ఉంటుంది కాబట్టి ఇలాంటి చోట కొంచెం మెరుగు, అదీ మెల్లగా కదిలిస్తేనే. అక్కడున్న ఒక పెద్దాయన తాటి మట్టలు తెచ్చి టైర్ల కింద పెట్టించాడు, మేము గాలి సగానికి సగం తీసేశాం, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ నొక్కి ఆపేశాం. అది ఆన్‌లో ఉంటే చక్రం జారగానే ఇంజన్ బలం తగ్గించేస్తుంది, ఇసుకలో అదే శత్రువు. ముగ్గురం నెడితే వచ్చింది. తర్వాత గాలి కొట్టించుకునేదాకా నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాం.

మాకు రొయ్యల గుంటలున్నాయి. వానాకాలంలో గట్టు మీద రేగడి మట్టి ఎలా ఉంటుందో ఆ పని చేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ నాలుగు బళ్ళలో ఏదీ గట్టు మీదికి ఎక్కించేది కాదు, ముందు చక్రాలదైనా అడుగు తగులుతుంది. గుంటల దగ్గరికి పోవడానికి బొలెరో వేరే ఉంది, ఉండాలి కూడా.

ఇక వెనక సీటు. నాయనకు మోకాళ్ళ నొప్పులు, ఆయన సుఖమే నాకు సగం లెక్క. 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2961 మిల్లీమీటర్లు, మామూలు 3 సిరీస్ కంటే 110 ఎక్కువ, దాంతో వెనక కాళ్ళ దగ్గర జాగా పెరిగింది. సీ క్లాస్‌ది 2865, లెక్సస్‌ది 2870. కానీ వెనక చక్రాల బళ్ళకు ఇంజన్ బలాన్ని వెనక్కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కింద నుంచి పోవాలి కాబట్టి మధ్యలో పెద్ద దిబ్బ ఉంటుంది, ముగ్గురు కూర్చుంటే మధ్యవాళ్ళకు కాళ్ళు పెట్టుకునే దారి ఉండదు. ముందు చక్రాలది కదా, ఏ4లో ఆ దిబ్బ ఉండదనుకున్నాను. ఉంది, పెద్దదే. ఆ బండినే బయటి దేశాల్లో క్వాట్రోగా కూడా చేస్తారు, దానికోసం తీసిన దారి అది. లెక్సస్‌లో దిబ్బ తక్కువ, సీటు మెత్తన, పై వేరియంట్‌లో వెనక సీటును బటన్‌తో వెనక్కి వంచుకోవచ్చు. నాయన దాంట్లోంచి దిగడానికే ఇష్టపడలేదు. "ఇదే తీసుకోరా, ఆ వెనక చక్రాల గోల నాకెందుకు" అన్నాడు. ఆయన ఒక్కడి కోసమే కొంటే, డ్రైవర్ నడిపేటట్టయితే, కళ్ళు మూసుకుని లెక్సస్ కొనేవాడిని. నెలకు మూడుసార్లు చెన్నైకి నేనే నడుపుకుంటూ పోతాను, సెలవులొస్తే కొండ దారి పట్టుకుంటాను, అందుకే 3 సిరీస్. 190 హార్స్‌పవర్, 400 ఎన్ఎం టార్క్ (లాగే బలం), 8 గేర్లు, వెనక కాళ్ళ జాగాతో నాయన కూడా సర్దుకున్నాడు, ముందు సీటు కాస్త ముందుకు జరిపి కాళ్ళు చాపుకుంటాడు.

వానల గురించి ఒక మాట. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడు హైవే మీద నీళ్ళు నిలిచిన చోట ముందు చక్రాల బండి జారితే నేరుగా పోవాలని చూస్తుంది, వెనక చక్రాలది తోక ఊపాలని చూస్తుంది. ఈ బళ్ళన్నింట్లో స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, బండి దారి తప్పబోతే అది తనంతట తానే పట్టుకుంటుంది. కానీ టైరు మొద్దుబారి ఉంటే అదీ ఏం చేయలేదు. నేను చూసిన సెకండ్ హ్యాండ్ బళ్ళలో ఒకదాని టైర్లు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి, పక్కన గుండ్రంగా ఉన్న గడిలో నాలుగంకెలు చూస్తే 2218. అంటే 2018లో 22వ వారంలో తయారైనవి. ఓనరుతో ఆ మాట చెప్తే టైర్ల ధర తగ్గించడానికి ఒప్పుకోలేదు, నేను ఆ బండి వదిలేశాను.

కావలిలోగానీ ఒంగోలులోగానీ ఎవరైనా కొనాలనుకుంటుంటే, టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే పోకండి. ఇంట్లోవాళ్ళు నలుగురినీ ఎక్కించుకోండి, ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ దాటడం వేరు, నలుగురితో దాటడం వేరు. బూట్ తెరిచి స్పేర్ టైరు ఉందో లేదో చూడండి. దగ్గర్లో ర్యాంపు ఏదైనా ఉంటే సగంలో ఆపి, మళ్ళీ పైకి కదిలించి చూడండి. సర్వీసుకు నేనైతే చెన్నైకే పోతున్నాను, పొద్దున ఐదుకు బయల్దేరితే సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నాను.