పాత అవుట్‌బోర్డ్ మోటార్‌కి టీసీ-డబ్ల్యూ3 ఆయిల్: సరుకు మంచిదే, డబ్బా మీది లెక్కతోనే తంటా

ముందే చెప్పేస్తా, పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే మోటార్, పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసేది) ఉన్నవాళ్లు ఏ ఆయిల్ కొనాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 సర్టిఫికెట్ ముద్ర ఉంటే చాలు, కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. నీళ్లతో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్ల కోసం అమెరికాలోని ఎన్‌ఎంఎంఏ అనే సంఘం పరీక్షలు పెట్టి ఇచ్చే ముద్ర అది. 1950ల నాటి రెండు సిలిండర్ల చిన్న మోటార్‌లో నేను వాడుతున్నది మామూలు మినరల్ రకమే. ఖరీదైన ఫుల్ సింథటిక్ కొత్త తరం పెద్ద ఇంజిన్లకి పనికొస్తుందేమో గానీ, మన ముసలి మోటార్‌కి దాంతో ఒరిగేదేం లేదు.

బైకుల్లో పోసే టూటీ ఆయిల్ ఉంది కదా, అదే పోసేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. పోయకండి. గాలితో చల్లబడే ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, అందుకే జాసో (జపాన్ ప్రమాణం) ఎఫ్‌సీ, ఎఫ్‌డీ రకం ఆయిల్స్‌లో మసిని కడిగే మందులు కాల్షియం లాంటి లోహాలతో చేస్తారు. అవుట్‌బోర్డ్ చల్లగా తిరుగుతుంది కాబట్టి ఆ లోహం పూర్తిగా పోకుండా ప్లగ్ కొనమీద, పిస్టన్ తలమీద బూడిదలా పేరుకుంటుంది. టీసీ-డబ్ల్యూ3లో ఆ బూడిద మిగలదు, పైగా తుప్పు పట్టకుండా కూడా కాపాడుతుంది. పాత మాన్యువల్‌లో ఎస్‌ఏఈ 30 మోటార్ ఆయిల్ అని రాసుంటే కంగారు పడొద్దు, అప్పట్లో దొరికింది అదే. ఇప్పటి కార్ ఆయిల్‌కీ దానికీ పోలికే లేదు.

ఇక నా అసలు ఫిర్యాదు. ఈ డబ్బాల మీద లెక్క ఎక్కడ చూసినా 50:1 అనే ఉంటుంది, అంటే లీటర్ పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు. పక్కనున్న కొలత గీతలు కూడా దానికి తగ్గట్టే గీస్తారు. అది చూసి పాత మోటార్‌కి కలిపితే కొంప మునిగినట్టే. ఆయిల్ ఎంత కావాలో చెప్పేది డబ్బా కాదు, లోపలున్న బేరింగ్. క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ దగ్గర నీడిల్ లేదా రోలర్ బేరింగ్ ఉంటే తక్కువ ఆయిల్‌తోనే నెట్టుకొస్తుంది. దాని బదులు కంచు బుష్, అంటే గుండ్రటి కంచు గొట్టం, ఉంటే లోహం మీద లోహం జారుతూ తిరుగుతుంది కాబట్టి మధ్యలో ఆయిల్ పొర మందంగా ఉండాల్సిందే. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు 1964 నుంచి ఎక్కువ శాతం 50:1కి మారాయి, అంతకు ముందు 1950ల మోటార్లకి 24:1, అంటే లీటర్‌కి 42 మిల్లీలీటర్లు. అంతకన్నా పాతవాటికి 16:1 కూడా ఉంది, అది లీటర్‌కి 62 దాకా వస్తుంది. బ్రిటిష్ సీగల్ అనే ఇంగ్లండు కంపెనీ పాత మోడళ్లదైతే మరీ విడ్డూరం, ఏకంగా 10:1! 1980ల మధ్యలో కొన్ని మోడళ్లకి 100:1 చాలని చెప్పి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్న కథ కూడా ఉంది, కాబట్టి అప్పటి మోటార్ మీద 100:1 అని స్టిక్కర్ కనపడినా 50:1 వేసుకోండి.

అలాగని భయంతో ఇంకో గుక్కెడు పోయడం కూడా మంచిది కాదు. ప్లగ్ తడిసి మెల్లగా తిరిగేటప్పుడు ఆగిపోవడం ఒకటైతే, కార్బురేటర్‌లోని జెట్ అనే సన్న రంధ్రంలోంచి వెళ్లే మిశ్రమంలో ఆయిల్ పెరిగిన కొద్దీ పెట్రోల్ తగ్గుతుంది, ఇంజిన్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోల్ అందదు. సీగల్‌ని 10:1 నుంచి 25:1కి మార్చేవాళ్లు కార్బురేటర్ సెట్టింగ్ కూడా మార్చేది ఇందుకే, అక్కడ కథ తిరగబడుతుంది, ఆయిల్ తగ్గి పెట్రోల్ ఎక్కువవుతుంది.

పెట్రోల్ విషయం తేలిక. ఈ ఇంజిన్లలో కంప్రెషన్ తక్కువ, మామూలు ఆక్టేన్ చాలు, ప్రీమియం దండగ. సీసం లేని పెట్రోల్ అని దిగులొద్దు, సీసం కాపాడేది వాల్వు సీట్లని, అవే లేని ఇంజిన్‌కి సీసంతో పనేముంది? ఇథనాల్ ఒక్కటే టెన్షన్. దొరికితే అది లేని పెట్రోల్ పోయండి, దొరక్కపోతే 10 శాతం దాటనివ్వొద్దు. పాత కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టం చూసే కార్క్ ఫ్లోట్‌కి (తేలే ముక్కకి) లక్క పూత వేసేవాళ్లు, ఇథనాల్ దాన్ని కరిగించేస్తుంది, కార్క్ పెట్రోల్ పీల్చుకుని బరువెక్కి కార్బురేటర్ పొంగుతుంది. రబ్బరు పైపులు మెత్తబడతాయి. నీరు పీల్చుకున్న ఇథనాల్ ఒక్కోసారి పెట్రోల్ నుంచి విడిపోయి క్యాన్ అడుగుకి దిగిపోతుంది, ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది, అడుగునున్నది ఇంజిన్‌లోకి వెళ్తే ఆయిల్ లేనట్టే.

కలపడం మాత్రం హాయి. సగం పెట్రోల్, తర్వాత ఆయిల్, మూత బిగించి ఊపి, మిగతా పెట్రోల్. పోసిన మొదట్లో చిక్కటి తీగలా అడుగుకి జారుతుంది, నాలుగు ఊపులకి కలిసిపోతుంది. ఆయిల్‌లో రంగు ఉండటం వల్ల కలిపిందీ కలపందీ కంటికే తెలుస్తుంది. 24:1లో మొదలుపెట్టిన కాసేపు పొగ బాగానే వస్తుంది, అది మామూలే. ప్లగ్ తీసి చూస్తే లేత గోధుమ రంగులో కాస్త చెమ్మగా ఉంటుంది.

లెక్క గీతల కోసం ఒక స్టార్ కోసేసి నాలుగు ఇస్తున్నా. పాతదీ కొత్తదీ రెండు మోటార్లూ ఉన్నవాళ్లు మాత్రం రెండు క్యాన్లు పెట్టుకుని పెద్దక్షరాలతో లెక్క రాసుకోండి. 24:1 వెళ్లి 50:1 మోటార్‌లో పడితే పొగ, మురికి ప్లగ్‌తో పోతుంది. 50:1 వెళ్లి పాత మోటార్‌లో పడితే మాత్రం బుష్ పట్టేస్తుంది, ఆ పాత మోటార్‌కి క్రాంక్ షాఫ్ట్ మళ్లీ దొరకడం గగనం.