కొత్త వెబ్‌సైట్లు దొరకాలంటే ఏది మేలు: మీటా, ఓట్లా, ట్యాగులా?

ఏం కావాలో ముందే తెలిసినప్పుడు సెర్చ్ ఇంజిన్ సరిపోతుంది. అసలు ఉన్నట్టే తెలియని వెబ్‌సైటును చేరుకోవాలంటే మాత్రం, మనకన్నా ముందు దాన్ని చూసి, బాగుందనుకొని, ఎక్కడో ఒక గుర్తు పెట్టినవారి ఆసరా కావాలి. ఆ ఆసరాను సోషల్ బుక్‌మార్కింగ్ సాధనాలు, అంటే నచ్చిన లింకులను నలుగురితో పంచుకునే సేవలు, ప్రధానంగా మూడు పద్ధతుల్లో అందించాయి.

మొదటిది 2001లో వచ్చిన స్టంబుల్‌అపాన్ పద్ధతి. మన ఆసక్తులు ఎంచుకొని మీట నొక్కితే ఏదో ఒక పేజీ తెరుచుకునేది. నచ్చిందో లేదో చెబితే తర్వాతి ఎంపిక ఆ మేరకు మారేది. అందులో శ్రమ లేదు, ఆశ్చర్యం మాత్రం బోలెడు. అయితే చేయి ఎప్పుడూ తర్వాతి పేజీ వైపే పోవడంతో, చేతికందిన మంచి పేజీ దగ్గర కూడా నిలకడగా చదివే ఓపిక ఉండేది కాదు. ఆ సేవ 2018లో మూతపడింది.

రెండోది ఓట్ల పద్ధతి. ఒకరు పెట్టిన లింకుకు మిగతావారు ఓటు వేస్తారు, ఎక్కువ ఓట్లు పడినవి పైకి వస్తాయి. 2004లో డిగ్, 2005లో రెడిట్ దీన్ని జనంలోకి తెచ్చాయి. ఈ రోజు ఏది కొత్తగా వచ్చిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా వేగమైన దారి లేదు. కానీ ఓటు పడేది చాలాసార్లు శీర్షిక చూసే; పైగా మొదటి గంటల్లో ఆదరణ దక్కని లింకు అడుగున పడిపోతుంది. ఎవరో ఏళ్ల తరబడి ఓపికగా పెంచుకుంటూ వచ్చిన చిన్న వెబ్‌సైటుకు ఈ పోటీలో చోటు దొరకడం కష్టం. రెడిట్‌లో ఒకే విషయానికి కట్టుబడిన చిన్న సమూహాల్లో ఈ లోపం కొంత తగ్గుతుంది. డిగ్ 2010లో తన రూపాన్ని పూర్తిగా మార్చినప్పుడు, ప్రచురణ సంస్థలకే పెద్దపీట వేస్తున్నారన్న ఆగ్రహంతో చాలామంది వాడుకరులు రెడిట్‌కు తరలిపోయారు.

మూడోది, నా దృష్టిలో మేలైనది, ట్యాగుల పద్ధతి. ట్యాగు అంటే దాచుకున్న లింకు దేని గురించో చెప్పేలా మనమే దానికి తగిలించే చిన్న మాట. 2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలిషస్ దీనికి ఆద్యం. ఇక్కడ మనిషి లింకును దాచుకునేది ముందుగా తన అవసరం కోసం. ఇతరులకు అది కనబడడం ఆ తర్వాతి మాట. మెప్పు కోసం పెట్టిన లింకుకూ, మళ్లీ చదవాలని దాచుకున్న లింకుకూ ఉన్న తేడా మొత్తం ఇక్కడే తెలుస్తుంది. 2009లో వచ్చిన పిన్‌బోర్డ్ ఇదే దారిలో, ప్రకటనలు లేకుండా, వార్షిక రుసుముతో నడుస్తోంది. 2017లో డెలిషస్‌ను కొన్నది కూడా అదే.

ఈ పద్ధతిని పిన్‌బోర్డ్‌లో వాడే తీరు ఇది. పాత పటాల గురించిన ఒక పేజీని మీరు దాచుకున్నారనుకుందాం. దాన్ని ఇంకెంతమంది దాచుకున్నారో పక్కనే ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె వేలల్లో ఉంటే వదిలేయండి. అందరికీ తెలిసిన పేజీ ద్వారా ఎవరి అభిరుచీ బయటపడదు. ఐదారుగురే ఉంటే ఒక్కొక్కరి ఖాతా తెరిచి, ‘పటాలు’ అన్న ట్యాగు పక్కన ‘నౌకాయానం’, ‘ముద్రణ’ వంటివి ఇంకేమున్నాయో చూడండి. మీరు వెతకాలని కూడా అనుకోని వెబ్‌సైట్లు అక్కడే దొరుకుతాయి. డిగో అనే సేవలో దాచినవారు పేజీలో ఏ వాక్యం మీద రంగు పూశారో కూడా చూడవచ్చు కనుక, కలిసి పరిశోధన చేసేవారికి అది మరింత అనుకూలం.

ట్యాగుల పద్ధతికీ ఇబ్బందులున్నాయి. ఒకే విషయానికి ఒక్కొక్కరు ఒక్కో ట్యాగు పెడతారు. బహిరంగంగా దాచుకునేవారు మునుపటికన్నా తగ్గారు. సేవ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేము. మాగ్నోలియా అనే సేవ 2009 ఆరంభంలో వాడుకరుల బుక్‌మార్కులను తిరిగి రాబట్టలేనంతగా పోగొట్టుకొంది. అందువల్ల ఏ సేవలో దాచినా అప్పుడప్పుడు ఒక ఫైలుగా దించుకోవడం తప్పనిసరి.

తాజా విషయాలే కావాలనుకునేవారు రెడిట్‌లో తమకు నచ్చిన ఒకటి రెండు చిన్న సమూహాలను చూస్తే చాలు. లోతు కావాలనుకునేవారు పిన్‌బోర్డ్‌లో అభిరుచి కలిసిన నలుగురైదుగురిని ఎంచుకొని, వారి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ను (కొత్తగా చేరినవాటిని తనంతట తానే అందించే జాబితాను) తమ ఫీడ్ రీడర్‌లో, అంటే అలాంటి జాబితాలను ఒకేచోట చూపే యాప్‌లో, చేర్చుకోవాలి. వారు దాచే ప్రతి కొత్త లింకూ అక్కడికే వచ్చి చేరుతుంది.