పనామా టోపీ అని పేపరు టోపీ పంపారు

మొదటే చెప్పేస్తున్నాను, ఈ టోపీ కొనకండి. నేను ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. లోపలి పట్టీ మీద ‘ఒరిజినల్ పనామా, చేత్తో అల్లినది’ అని బంగారు అక్షరాలు. రోజూ పొద్దున్నే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి దాకా నడుస్తాను. దర్శనం చేసుకుని తిరిగొచ్చేసరికి ఎండకి మాడు పేలిపోతుంది. అందుకే టోపీ.

ఆ ‘ఒరిజినల్’ అన్న మాట దగ్గరే నాకు మండింది. ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. పనామా టోపీ అసలు పనామాదే కాదు, దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌ది. టొకిల్లా అనే మొక్క ఆకుల్ని సన్నగా చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆ పోగులతో అల్లుతారు. పనామా మీదుగా ఓడలెక్కి పోయేవి కాబట్టి అమ్మిన చోటి పేరే పడిపోయింది. అల్లినవాళ్ల ఊరు ఎవరికీ గుర్తు లేదు.

మేలురకం టోపీలకి పేరుపడ్డ ఆ ఊరు మోంటెక్రిస్టీ. తర్వాత ఈక్వెడార్‌ని ఏలిన ఎలోయ్ అల్ఫారో 1842లో పుట్టింది అక్కడే. తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన టోపీల వ్యాపారి. కొడుకు పనామా చేరి వ్యాపారంలో బాగా గడించాడు, గడించిందంతా తిరుగుబాట్లకి పోశాడు. ఎన్నిసార్లు ఓడాడంటే ‘ఓటముల జనరల్’ అని పేరు పెట్టారు. 1884లో హరమిహో దగ్గర సముద్రం మీద ఓడిపోయి, తన ఓడకి తానే నిప్పు పెట్టి తప్పించుకున్నాడు. 1895 జూన్ 5న గుయాకిల్ రేవు పట్నం జనం ఆయన్ని దేశానికి అధినేతగా ప్రకటించేటప్పటికి ఆయన దేశంలోనే లేడు, ప్రవాసంలో ఉన్నాడు!

రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. చదువుని చర్చి చేతిలోంచి తప్పించాడు, ఆడవాళ్లకి ప్రభుత్వ ఉద్యోగాల దారి తెరిచాడు. ఆండీస్ కొండలెక్కించి గుయాకిల్ వైపు నుంచి రాజధాని కీటో దాకా రైలు వేయించాడు. (మా నౌపడా–పర్లాకిమిడి బుల్లి రైలుదీ ఇంచుమించు ఆ కాలమే, 1900.) ఆ రైలు కీటో చేరింది 1908 జూన్ 25న, సరిగ్గా ఆయన పుట్టినరోజున. 1912 జనవరిలో ఆయన్ని ఖైదీగా ఆ రైల్లోనే కీటోకి తెచ్చారు. గుంపు జైల్లోకి చొరబడి చంపేసి, శవాన్ని వీధుల్లో ఈడ్చుకెళ్లి ఎల్ ఎజీదో పార్కులో తగలబెట్టింది. ఆయన సిలబస్‌లో లేడు. పాఠం అయ్యాక మిగిలిన పావుగంటలో చెప్పేవాణ్ణి. వెనక బెంచీలు కూడా చప్పుడు చేసేవి కావు.

సరే, టోపీ సంగతి. మా అమ్మది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, సన్న నూలు వడికిన చేయి. టోపీ తిరగేసి గోటితో గీకి చూసింది.

"ఇది నారా కాదు, గడ్డీ కాదు. కాయితం మెలేసినారు. ఇంత సమంగా ఉందంటే మిషనేరా. చేతి పనైతే ఎక్కడో ఒకచోట తేడా పడతాది. ఎంతెట్టి కొన్నావు?"

నాలుగొందలన్నాను. నిజం చెప్పే ధైర్యం లేకపోయింది.

అసలు మోంటెక్రిస్టీ టోపీని వెలుతురుకి పట్టి చూస్తే, నడినెత్తి నుంచి గుండ్రంగా అల్లిక వరసలు కనిపిస్తాయట. వరసలు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. బాగా సన్నరకం అల్లడానికి నెలలు పడుతుంది. దీన్ని వెలుతురుకి పడితే గుడ్డ నేసినట్టు నిలువూ అడ్డమూ గళ్లు తప్ప ఏమీ లేవు.

నాలుగో రోజు అరసవల్లి నుంచి వస్తుంటే జల్లు పడింది. అయిదు నిమిషాల్లో అంచు తడిసిన అప్పడంలా చెవుల మీదకి వాలిపోయింది. రంగు దిగి నుదురంతా పసుపచ్చ. ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. వాళ్లకి ఫోన్ చేస్తే, "వాడిన వస్తువు వెనక్కి తీసుకోం సార్" అన్నాడు కుర్రాడు. మరి ‘చేత్తో అల్లినది’ అని రాశారేమిటయ్యా అంటే, "అది మోడల్ పేరు సార్" అన్నాడు.

నాలుగు మాటలు న్యాయంగా కూడా చెప్పాలి. బరువు లేదు, లోపలి పట్టీ చెమట పీలుస్తుంది, ఎండలో పొడిగా ఉన్నంతసేపు నీడకి లోటు లేదు. సైజు మాత్రం బిగుతు, కొనే తీరాలనుకుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

రెండు స్టార్లు. ఒకటి బరువు లేనందుకు. రెండోది మేడ మెట్లెక్కి తెచ్చిచ్చిన డెలివరీ బాబుకి.