ఆ జింక అరుపు: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2తో ఏడాదిన్నర

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వీడియో గేమ్ కథ, గ్రాఫిక్స్, అందులో మనం ఆడించే ఆర్థర్ మోర్గాన్ గురించి 2018 నుంచీ అందరూ చెప్పేశారు. నేను వేట సంగతి మాత్రమే రాస్తున్నాను.

మొదటి నెలలో ఈ గేమ్‌లో వేటను మించింది లేదని ఆఫీసులో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, పొదల చాటున వంగి నడవాలి, తోలు నాణ్యతకు గేమ్ ఎన్ని స్టార్లు ఇచ్చిందో బైనాక్యులర్స్‌లో చూసుకోవాలి. మూడు స్టార్ల జంతువును సరైన ఆయుధంతో శుభ్రంగా కొడితేనే పర్ఫెక్ట్ తోలు దక్కుతుంది. అలాంటివి తెచ్చిస్తే క్యాంపు వంటవాడు పియర్సన్ సంచులు కుట్టిస్తాడు. అన్నీ కుట్టించుకుంటే చివరికొచ్చే సంచిలో ఒక్కో రకం వస్తువు 99 దాకా పడుతుంది. దానికోసమే జింకల వెంట పడ్డాను.

ఒక రాత్రి గేమ్‌లోని హార్ట్‌లాండ్స్ అనే ప్రాంతంలో, గడ్డిలో మూడు స్టార్ల ఆడజింక కనిపించింది. విల్లు తీసి మెడకు గురిపెట్టాను. బాణం వదిలే క్షణంలో అది ఒక అడుగు ముందుకేసింది. బాణం పొట్టలో దిగింది. జాడలను వెలుగులా చూపించే ఈగిల్ ఐలో నెత్తురు జాడ పట్టుకుని వెళ్తే చెట్ల మధ్య పక్కకు ఒరిగి పడి ఉంది. లేవాలని చూస్తోంది, కాళ్లు రావడం లేదు. ఒకటే అరుపు. టీవీ సౌండ్‌కు వంటింట్లోంచి అమ్మ, "ఎవరి మేకరా అది, అట్లా అరుస్తోంది?" అంది. మా ఇంట్లో చాలా ఏళ్లు మేకలుండేవి. అమ్మకు ఆ గొంతు తెలుసు. నేనేం మాట్లాడలేదు.

దాని బాధ తీర్చే బటన్ తెరమీద కనిపిస్తూనే ఉంది. నొక్కడానికి చాలాసేపు పట్టింది. ఆర్థర్ వంగి కత్తి దించాడు, అరుపు ఆగింది. తోలు చూస్తే పాడైపోయింది, సంచికి పనికిరాదు.

అదే వారం ఒక కాల్పుల మిషన్‌లో ఎంతమందిని చంపానో లెక్కే లేదు. వాళ్ల జేబులు వెతికి గడియారాలు తీసుకుని హాయిగా పడుకున్నాను. వాళ్లు తుపాకులతో నా మీదికొచ్చారు, జింక గడ్డి మేస్తోంది. తేడా అంతే అనుకున్నాను. కానీ ఆ రాత్రి తర్వాత, దెబ్బ తగిలి నేలమీద పాకుతూ బతిమాలే మనుషుల మాటలు కూడా చెవిన పడడం మొదలైంది. అంతకుముందు కూడా వాళ్లు బతిమాలే ఉంటారు, నేనే వినలేదు.

అందుకే వేటను అప్పట్లో పొగిడిన మాట వెనక్కి తీసుకోను గానీ, అంత ఉత్సాహంగా మళ్లీ చెప్పలేను. ఆదివారం మటన్ తినే మనిషినే, ఎవరికీ నీతులు చెప్పడం లేదు. ఇప్పుడు జంతువులను బైనాక్యులర్స్‌లో చూసి కాంపెండియంలో, అంటే చూసినవాటి వివరాలుండే గేమ్‌లోని జాబితాలో, నమోదు చేసుకుని వదిలేస్తున్నాను. తిండికి డబ్బాల్లో దొరికేది కొంటున్నాను. గేమ్ నడిచిపోతోంది, సంచి మాత్రం కాలేదు.

కొనొచ్చా అంటే, నాలాగా రాత్రిపూట గంటసేపు నిదానంగా ఆడేవాళ్లైతే కొనొచ్చు. వంద శాతం పూర్తి చేయాలనే పట్టుదల ఉంటే ఆ అరుపు చాలాసార్లు వినాల్సి వస్తుంది. నేను మాత్రం అమ్మకు వినపడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఆడుతున్నాను.