ఎనిమిదేళ్లుగా కడుతున్న హెల్త్ ఇన్సూరెన్స్: చవక పాలసీ నుంచి బయటపడిన కథ

మాది హనుమకొండలో జిరాక్స్ షాపు. ఉద్యోగాలు కావు కాబట్టి కంపెనీ ఇన్సూరెన్స్ లేదు, తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. 2017 నవంబరులో మా వీధిలో ఉండే ఏజెంటు అన్న చెబితే 3 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) తీసుకున్నాం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. ప్రీమియం 10 వేల లోపే. మిగతా రెండు కంపెనీలు 14, 15 వేలు చెప్పాయి కాబట్టి ఇదే నయం అనుకున్నా. ఏ ఆసుపత్రులు ఉన్నాయి, ఎన్ని లక్షలు ఇస్తారు, ఈ రెండే అడిగాను. రూమ్ రెంట్ గురించి అడగాలన్న సంగతే నాకు తెలియదు.

రెండేళ్లు క్లెయిమ్ లేదు. 2019 డిసెంబరులో మా ఆయనకు పిత్తాశయంలో రాళ్లు అన్నారు. ఇలాంటివాటికి (హెర్నియా, కంటి శుక్లం కూడా ఇందులోకే వస్తాయి) పాలసీ తీసుకున్న మొదటి రెండేళ్లు డబ్బు రాదు, దీన్నే వెయిటింగ్ కాలం అంటారు. మాకు రెండేళ్లు దాటి మూడు వారాలే అయింది, అదృష్టం అనుకున్నాం. హైదరాబాద్ వెళ్లాం. షేరింగ్ రూములు ఖాళీ లేవు, సింగిల్ ఉంది, రోజుకు 5 వేలు అన్నారు. మా పాలసీలో రూముకు రోజుకు ఇచ్చేది పాలసీ మొత్తంలో ఒక శాతం, అంటే 3 వేలు. పైన 2 వేలు మనం పెట్టుకుంటే సరిపోతుంది, మూడు రోజులకు 6 వేలే కదా అని సంతకం పెట్టాను.

డిశ్చార్జ్ రోజు బిల్లు లక్షా 36 వేలు. కంపెనీ ఒప్పుకున్నది 92 వేలు. మేము కట్టింది 44 వేలు. నాకు ఆ కౌంటర్ దగ్గర ఏమీ అర్థం కాలేదు, ఆసుపత్రి వాళ్లే ఎక్కువ వేశారేమో అని వాళ్లతో గొడవ పెట్టుకున్నాను కూడా. తర్వాత ఇంటికొచ్చి షీటు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది. 5 వేల రూముకు 3 వేలు అర్హత అంటే 60 శాతం. రూము ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ, నర్సింగ్, మత్తు డాక్టర్ ఫీజు, అన్నిటినీ అదే 60 శాతానికి తెగ్గోశారు. ఆ పద్దుల కింద 80 వేలు ఉంటే 48 వేలే వచ్చింది. మందులు, టెస్టుల 35 వేలు మాత్రం పూర్తిగా ఇచ్చారు. గ్లౌజులు, రిజిస్ట్రేషన్, ఇంకేవో చిల్లర వస్తువులు 6 వేలు, వాటికి సున్నా. ఇది మోసం కాదు, పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. కానీ ఏటా నాలుగైదు వేలు మిగిలిందని నేను రెండేళ్లు సంబరపడ్డ డబ్బు మూడు రోజుల్లో నాలుగింతలు పోయింది.

వదిలేద్దామంటే ఈలోపు 2018లో మా ఆయనకు బీపీ మొదలైంది, కొత్తగా ఎవరిస్తారు అన్న భయం. అప్పుడు పోర్టింగ్ గురించి తెలిసింది. సిమ్ మార్చినట్టే, పాత కంపెనీలో గడిచిన వెయిటింగ్ కాలం కొత్త కంపెనీలో లెక్కకొస్తుంది, కాకపోతే పాత 3 లక్షల వరకే. పెంచిన మొత్తానికి మళ్లీ మొదటి నుంచి లెక్క. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, చివరి వారంలో పరిగెత్తితే కుదరదు. కొత్త కంపెనీ కాదనవచ్చు కూడా, కాబట్టి వాళ్లు ఒప్పుకునే దాకా పాతది ఆపొద్దు. 2020లో రూము పరిమితి లేని 5 లక్షల పాలసీకి మారాం.

ఫారం నింపేటప్పుడు ఏజెంటు అన్న చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "చెల్లె, రోజుకో గోలీయే కదా, బీపీ రాయకు, ఊకె ప్రీమియం పెంచుతరు." నేను రాశాను. ప్రీమియం కొంచెం పెరిగింది నిజమే. అన్న మంచివాడే, ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాడు, కానీ ఈ ఒక్క విషయంలో ఏజెంట్ల మాట వినకండి. క్లెయిమ్ రోజు సమాధానం చెప్పుకోవాల్సింది మనం.

అది 2023లో తేలింది. మా ఆయనకు ఛాతీలో నొప్పి, యాంజియోగ్రామ్, స్టెంట్. అడ్మిషన్ గొడవలో నేను కౌంటర్ దగ్గర ఉంటే, డ్యూటీ డాక్టర్ లోపల అత్తమ్మను అడిగారట, బీపీ ఎప్పటినుంచి అని. ఆమె కంగారులో "పదేండ్ల సంది" అంది. ఆమెకు ఏదైనా పదేండ్ల సందే. డాక్టర్ అదే కేస్ షీటులో రాసేశారు. పదేళ్లంటే పాలసీ కంటే ముందే జబ్బు ఉన్నట్టు, దాచిపెట్టినట్టు లెక్క! మరునాడు కంపెనీ నుంచి క్వెరీ, బీపీకి సంబంధించిన మొట్టమొదటి చీటీ పంపండి అని. జిరాక్స్ షాపు వాళ్లం కాబట్టి బతికిపోయాం, 2018 నాటి ఆ మొదటి చీటీ లామినేషన్ చేసి పెట్టాను. మా అబ్బాయి ఇంటికెళ్లి ఫోటో తీసి పంపాడు, కేస్ షీటు దిద్దించడానికి ఆ డాక్టర్ డ్యూటీ కోసం సాయంత్రం దాకా వరండాలో నిలబడ్డాను. రాత్రికి అప్రూవల్ వచ్చింది. 2 లక్షల 48 వేల బిల్లులో మా చేతి నుంచి పడింది 12 వేలు. అడ్మిషన్ అప్పుడు జబ్బు చరిత్ర చెప్పేది ఎవరో ముందే అనుకోండి, పేషెంటుకు, సంగతులు సరిగ్గా తెలిసిన వాళ్లకు తప్ప ఎవరికీ వదలొద్దు.

2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ) రూల్స్ మార్చింది, పాలసీకి ముందున్న జబ్బులకు గరిష్ఠ వెయిటింగ్ నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఎనిమిదేళ్లకు బదులు ఐదేళ్లు ఆపకుండా కడితే చాలు, తర్వాత కావాలని చేసిన మోసం అయితే తప్ప "అప్పుడు చెప్పలేదు" అని క్లెయిమ్ ఆపడానికి లేదు. క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) అడిగితే గంటలో చెప్పాలి, డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి. వినడానికి బాగుంది కదా? 2025లో మా అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది, డాక్టర్ పొద్దున 9 గంటలకు ఇంటికెళ్లొచ్చు అన్నారు, మేము బయటపడింది సాయంత్రం 6 దాటాక. కంపెనీ తప్పు కాదు, వాళ్లు రెండున్నర గంటల్లోనే ఇచ్చారు. ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపిందే మధ్యాహ్నం 3 గంటలకు, ఆ మూడు గంటల గడియారం అప్పుడు మొదలవుతుంది. పొద్దున్నుంచి ఫార్మసీ రిటర్నులు, డిశ్చార్జ్ సమ్మరీ టైపింగ్, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) డెస్క్ ఆయన భోజనం, ఇవన్నీ ఏ రూల్లోనూ లేవు. మీ డిశ్చార్జ్ రేపు అంటే ఈ రోజు సాయంత్రమే బిల్లింగ్ వాళ్ల వెంట పడండి.

అత్తమ్మను మా పాలసీలో కలపలేదు. ఫ్లోటర్ ప్రీమియం పాలసీలో ఉన్న అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి ఉంటుంది, ఆమెను కలిపితే అందరి లెక్కా ఆమె వయసుకు వెళ్తుంది. ఆమెకు 64 ఏళ్లున్నప్పుడు, 2020లో, విడిగా ఆరోగ్య సంజీవని తీసుకున్నాం. ఇది అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే పాలసీ, కంపెనీని బట్టి మారేది ప్రీమియం, సర్వీసే కాబట్టి పోల్చుకోవడం సులువు. చవకే. కానీ ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనదే, శుక్లం ఆపరేషన్‌కు కన్నుకు 40 వేలు లేదా పాలసీ మొత్తంలో నాలుగో వంతు, ఏది తక్కువైతే అది. ఆమె కంటికి అయినదాంట్లో 14 వేలు మేమే పెట్టుకున్నాం. ఈసారి ముందే తెలుసు కాబట్టి కౌంటర్ దగ్గర గొడవ లేదు.

ఇప్పుడు మాది 5 లక్షల పాలసీ, దానిమీద 5 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాప్ అప్. టాప్ అప్ వేరు, సూపర్ టాప్ అప్ వేరు: మొదటిది ఒక్కో అడ్మిషన్ బిల్లును విడిగా చూస్తుంది, రెండోది ఏడాది మొత్తం బిల్లులు కలిపి చూస్తుంది. దీనికి ఏటా 4 వేల చిల్లర. ఒకే పాలసీలో పెద్ద కవర్ తీసుకోవడం కంటే మాకు ఇదే తక్కువలో తేలింది.

నచ్చనిది పెంపు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, నవంబరు రెన్యువల్‌కు నాలుగు వేలైనా తగ్గుతుందని మురిసిపోయాను. నోటీసు వచ్చింది, మా ఆయన తర్వాతి వయసు శ్లాబులోకి వెళ్లారట, అసలు ప్రీమియమే పెరిగింది. కిందటేడు కంటే తగ్గింది 310 రూపాయలు. మార్చనా అని మా అబ్బాయి రెండు రాత్రులు కూర్చుని నాలుగు కంపెనీలు వెతికాడు, స్టెంట్ అనగానే రెండు కంపెనీలు కుదరదన్నాయి, ఒకటి రేటు రెండింతలు చెప్పింది, ఇంకొకటి టెస్టులు చేయించుకుని రమ్మంది. ఉన్నదానికే కట్టేశాను.