పదహారు అంగుళాల మడత సైకిల్: నాలుగేళ్ల తర్వాత

20 అంగుళాల చక్రాలున్న నా మొదటి మడత సైకిల్ రూ.19 వేలు. దాన్ని అమ్మేసి 16 అంగుళాలది రూ.62 వేలకు తెచ్చుకున్నప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: చక్రం చిన్నదైతే ధర తగ్గాలి కదా? ఆ రోజు నేను నీళ్లు నమిలాను. ఇప్పుడు చెప్పగలను.

చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేటలో దిగుతాను. పాత సైకిల్ నడుము దగ్గర ఒక మడత, హ్యాండిల్ దగ్గర ఒక మడత, అంతే. రెండు చక్రాలూ పక్కపక్కన చేరి, ద్వారం దగ్గర మూటలా అడ్డం పడేది. ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ రోజూ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. కొత్తదాని వెనుక చక్రం ఫ్రేము కిందికి దొర్లి, అదే సైకిల్‌కు పీటగా మారుతుంది. ఆపైన నడుము, హ్యాండిల్ మడిస్తే మొత్తం నా మోకాళ్ల ఎత్తుకు వస్తుంది. మొదటిసారి రైల్లో దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

డబ్బంతా పోయింది ఆ మడతలోకే. అదనంగా వచ్చిన మూడో కీలు ఎన్నేళ్లు తొక్కినా కదలకూడదు. చక్రం ఒక చుట్టుకు సుమారు 1.3 మీటర్లే పోతుంది; మామూలు పెద్ద సైకిల్‌ది 2.1. ఆ లోటు తీరాలంటే ముందు పళ్లచక్రం పెద్దదిగా, వెనుకది చిన్నదిగా ఉండాలి. గేర్లు బయట వేలాడితే వెనుక చక్రం కిందికి దొర్లేటప్పుడు తగులుకుంటాయి కాబట్టి నా సైకిల్‌లో వాటిని చక్రం మధ్యలో ఉండే హబ్ లోపలే పెట్టారు. మడిచినప్పుడు గొలుసు వదులైపోకుండా లాగిపట్టే చిన్న చేయి కూడా కావాలి. ఇదే రకం మడతకు పేరుపడిన లండన్ కంపెనీ బ్రాంప్టన్ సైకిళ్లలోనైతే ఫ్రేము గొట్టాలను ఇత్తడి కరిగించి చేత్తో అతికిస్తారు. పేటెంట్ గడువు తీరాక అదే మడతను చాలామంది తయారుచేస్తున్నారు. నాది అలాంటిదే, కాస్త చవక.

నా కోపం టైరు మీద. రెండో ఏడాది జూలైలో బేగంపేట స్టేషన్ బయట వాననీళ్లు నిండిన గుంతలో దిగాను. ముందు టైరు పక్క గోడ నాలుగు వేళ్ల మేర చీలింది. దగ్గరి దుకాణంలో పెద్దాయన "16 అంగుళాలే కదా, ఉంది" అని పిల్లల సైకిల్ టైరు తెచ్చాడు. అరగంట కుస్తీపట్టాడు. అది రిమ్ము మీదికి ఎక్కనే లేదు. చివరికి కళ్లజోడు పెట్టుకుని, రెండు టైర్ల మీది అక్షరాలను తడిగుడ్డతో తుడిచి చదివాడు. నాదాని మీద 37-349. ఆయనదాని మీద 47-305. "ఇదీ పదహారే బాబూ, కానీ ఆ పదహారు కాదు" అన్నాడు.

చివరి మూడంకెలు రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. 44 మిల్లీమీటర్ల తేడాను ఏ మెకానిక్కూ లాగి సరిపెట్టలేడు. అమ్మినవాళ్లు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పాత సైకిల్‌ది 406, విన్యాసాలు చేసే బీఎంఎక్స్ సైకిళ్ల కొలత. వీధి చివర దుకాణంలోనూ దొరుకుతుంది. నా 349 కోసం ఊళ్లో ఐదు దుకాణాలు తిరిగి, చివరికి బయటి నుంచి తెప్పించుకున్నాను: పదిహేడు రోజులు, పాత సైకిల్ టైరుకు మూడింతల ధర. అన్ని రోజులూ పెద్దాయన లోపల పెట్టిన పాత టైరు ముక్కతోనే స్టేషన్‌కు వెళ్లొచ్చాను. విచిత్రంగా ట్యూబు మాత్రం ఆ పిల్లల సైకిల్‌దే సరిపోయింది.

కొన్న కొత్తలో "పెద్ద సైకిల్‌కు ఏమీ తీసిపోదు" అని స్నేహితులకు చెప్పాను. నున్నటి రోడ్డు మీద నిజమే. గతుకుల్లో మాత్రం ప్రతి దెబ్బా మణికట్టుకు తెలుస్తుంది, పది కిలోమీటర్లు దాటితే బాగా తెలుస్తుంది. నేను రోజూ తొక్కేది రెండువైపులా కలిపి ఆరు కాబట్టి సరిపోయింది.

మాది లిఫ్టు లేని మూడో అంతస్తు, పైగా రోజూ రైలు. నాకు మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. ఇంటి నుంచి నేరుగా ఆఫీసుకు తొక్కేవాళ్లయితే 20 అంగుళాలదే చూసుకోండి, మిగిలిన డబ్బు చేతిలో ఉంటుంది. ఏది చూసినా టైరు పక్కన ఆ మూడంకెలు చదివాకే డబ్బు కట్టండి. నా అలమారలో ఇప్పుడు రెండు 349 టైర్లు అదనంగా ఉన్నాయి.