విత్తనాల మార్పిడి: తిరుగు కవరా, ఒకేరోజు స్పీడ్ పోస్టా?

ముక్కూమొహం తెలియని మిద్దెతోట మిత్రులతో విత్తనాలు మార్చుకునేటప్పుడు మొదట తేలాల్సింది ముందు ఎవరు పంపాలన్నదే. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి తిరుగు కవరు: అడిగేవాళ్లు తమ చిరునామా రాసి, స్టాంపు అంటించిన ఖాళీ కవరును మడిచి ఇంకో కవరులో పెట్టి పంపుతారు. ఇచ్చేవాళ్లు అందులో విత్తనాలు పెట్టి పోస్టుడబ్బాలో వేస్తారు. రెండోది, ఇద్దరూ ఒకేరోజు స్పీడ్ పోస్టు చేసి రసీదుల ఫొటోలు పంపుకోవడం.

ఖర్చులో తిరుగు కవరుకు సాటి లేదు. 20 గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయలు, రానూపోనూ పది. స్పీడ్ పోస్టుకు 2025 అక్టోబరు నుంచి 50 గ్రాముల దాకా ఊళ్లో 19, బయటి ఊళ్లకు 47, పైన జీఎస్టీ. తోటకూర, టమాటా, వంగ లాంటి సన్న విత్తనాలకు అంత పెట్టడం దండగ. గ్రాము టమాటా విత్తనాలు మూడొందల దాకా వస్తాయి, ఒక ఇంటికి ఇరవై చాలు.

తిరుగు కవరుతో చిక్కల్లా దాని జాడ తెలియకపోవడమే. దారిలో పోయిందో, అసలు పంపలేదో తేలదు. మాటామాటా పెరిగేది అక్కడే. ఆనప (సొర), చిక్కుడు లాంటి పెద్ద గింజలకు ఇంకో గండం ఉంది. పోస్టాఫీసులో స్టాంపు మీద తేదీ ముద్ర గట్టిగా గుద్దుతారు. పొట్లం ఆ మూలకు జారితే లోపలి పప్పు చిట్లుతుంది. పైకి బాగానే కనిపించినా ఆ గింజ మొలవదు. అందుకని పొట్లాన్ని అట్టముక్కకు టేపుతో అంటించి, కవరుకు ఎడమవైపు కింద ఉండేలా పెట్టాలి. అట్టతో కలిపి 20 గ్రాములు దాటితే ఇంకో 5 రూపాయల స్టాంపు వేయాలి. లేకపోతే తగ్గినదానికి రెట్టింపు అందుకునేవాళ్లు కట్టాలి. కొత్త పరిచయం అలా మొదలవకూడదు.

పెద్ద గింజలైనా, మళ్లీ దొరకని నాటు రకమైనా, రెండువైపులా ఇచ్చిపుచ్చుకోవడమైనా స్పీడ్ పోస్టే మేలు. నంబరుతో ఎక్కడుందో ఇద్దరూ చూసుకోవచ్చు, ముందు నువ్వంటే నువ్వనే పేచీ ఉండదు. అయినా మొదటిసారి రెండు మూడు రకాలకు మించి పంపుకోవద్దు.

రసీదు కవరుకే సాక్ష్యం, లోపల ఉన్నదానికి కాదు. ఆనప గింజను వంచితే ఫట్‌మని విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే, ప్లాస్టిక్ కవరులో వేస్తే బూజు పడుతుంది. అలసంద, చిక్కుడు గింజల మీద తెల్లటి గుడ్లు, గుండ్రటి చిల్లులు కనిపిస్తే పుచ్చు పట్టినట్టే, అలాంటివి పంపకూడదు. పొట్లం మీద రకం పేరు, కోసిన నెల, విత్తే కాలం రాయాలి. గుండ్రటి ఆనప, పొడుగు ఆనప పక్కపక్కనే కాసి ఉంటే, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటకుండా పువ్వుకు సంచి కట్టకపోతే ఆ మాటా రాయాలి. దాచిపెడితే మూడు నెలల తర్వాత కాయ ఆకారమే బయటపెడుతుంది.

అమెరికాలోని మనవాళ్లకు ఈ రెండూ పనికిరావు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం) లేని విత్తనాలను అక్కడి కస్టమ్స్ ఆపేస్తుంది.

కవరు అందిన రోజే పొట్లాల ఫొటో తీసి పంపండి. విత్తిన పదిహేను రోజులకు పదిలో ఎన్ని మొలిచాయో చెప్పండి, రెండే మొలిచినా సరే. పంపినవాళ్ల దగ్గర మిగిలిన విత్తనాల సంగతి వాళ్లకు తెలిసేది అప్పుడే.